మీ కుక్క నోటికి అడ్డం వచ్చినందుకు

సెప్టెంబర్ 4, సోమవారం

మా ఇంట్లో నేనేం మాట్లాడినా ఒకటే అర్థం తీస్తారు: ఉద్యోగం లేదు కదా, అందుకే. సూప్‌లో ఉప్పు ఎక్కువైందంటే, ఉద్యోగం లేక. తలుపు గట్టిగా వేస్తే, ఉద్యోగం లేక. ఇవాళ పొద్దున రక్తం కారుతున్న జూచాను చేతుల్లో పెట్టుకుని వంటింట్లోకి వచ్చి, "మిలుతిన్ కరిచాడు" అన్నాను. అమ్మ పెనం మీద ఎర్ర కాప్సికమ్‌లు తిప్పుతోంది. వెనక్కి కూడా తిరగలేదు.

"నీకు కుక్కలంటే మొదట్నించీ పడదు" అంది.

నాకు. కుక్కలంటే. పడదు. చేతుల్లో కుక్కతో నిలబడి విన్నాను ఈ మాట.

పదకొండు కుట్లు పడ్డాయి. పశువుల డాక్టర్ నానమ్మను పక్కకి పిలిచి, "దీనికి పన్నెండేళ్లు. ఇంకోసారి ఇలా పట్టుకుంటే నా చేతుల్లో ఏమీ ఉండదు" అన్నాడట. నానమ్మ ఇంటికొచ్చి, "ఆడదాని వయసు అందరి ముందూ చెబుతాడేం వాడు?" అని కోప్పడింది. తరవాత తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. జూచా నానమ్మ మంచం కిందే ఉంది. తాతయ్య పోయినప్పుడు నానమ్మ తొమ్మిది రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. పదో రోజు మాట్లాడింది ఈ పసుపుపచ్చ బొచ్చు కుక్కతో. "నువ్వైనా తిన్నావా?" అని.

నేటి నుంచి ఈ నోటుబుక్కు డైరీ కాదు. సాక్ష్యం.

ఉదయం 7.20. నైరుతి గాలి. 16 డిగ్రీలు. దాడి జరిగిన చోటు: మా పెరడు, మా ప్లమ్ చెట్టు కింద, కంచెకు ఇవతల నాలుగు మీటర్లు. దాడి చేసినవాడు: పక్కింటి రదిసావ్ గారి కుక్క మిలుతిన్, అరవై కిలోలు.

సెప్టెంబర్ 5

నాన్న సాయంత్రం ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అటక మీంచి తను కాచిన ప్లమ్ సారా సీసా ఒకటి దించాడు. అమ్మయ్య, వెళ్లి అడుగుతాడు అనుకున్నాను. కంచె దగ్గర నిలబడి విన్నాను. (సాక్ష్యం కోసం.)

"కూమ్, నిన్న మా జూచా మీ మిలుతిన్ నోటికి అడ్డం వచ్చిందట. ఏమీ అనుకోకు."

"అబ్బే, ఏముందిలే కూమ్. వాడు పెద్ద మనసున్నవాడు."

ఇద్దరూ సీసా సగం చేశారు.

నాన్న తిరిగొచ్చాక అడిగాను. వేళ్లు మడుస్తూ చదివాడు: "నా పెళ్లికి కూమ్‌గా, సాక్షిగా నిలబడ్డాడు. మీ అన్నయ్యను చర్చిలో బాప్తిస్మానికి ఎత్తుకున్నాడు. నిన్నెత్తుకున్నాడు. మీ ఇద్దరికీ పేర్లు పెట్టాడు. వాళ్ల నాన్న మా నాన్నకి కూమ్. ఎనభై ఏళ్ల బంధం తల్లీ. ఆ కుక్క వయసెంత? మూడేళ్లు."

అమ్మ నాకు క్రిస్తినా అని పెట్టాలనుకుంది. కూమ్ రదిసావ్ చర్చిలో నోరు తెరిచి "నెవెనా" అన్నాడు. అంతే, నెవెనా. పాతికేళ్ల తరవాత కూడా అమ్మ నన్ను పిలిచే ముందు ఒక్క క్షణం ఆగుతుంది.

సెప్టెంబర్ 7

మిలుతిన్ గురించి న్యాయంగా రాయాలి. సాక్ష్యం అంటే రెండు వైపులా ఉండాలి.

కొండల్లో గొర్రెల మందలను తోడేళ్ల బారి నుంచి కాసే జాతి. మా వీధిలో గొర్రెలు లేవు, తోడేళ్లు లేవు. పుట్టుకతో ఒక పనికి తయారై, ఆ పని ఎక్కడా లేని ఊళ్లో, పొద్దంతా గేటు దగ్గర కూర్చుని, వచ్చేపోయేవాళ్ల మీద విరుచుకుపడుతుంటాడు.

(నాకు ఇందులో ఏ పోలికా కనిపించడం లేదు.)

కుక్కకి మనిషి పేరేమిటంటే, అది రదిసావ్ గారి తాత పేరు. ఆయన మీసాల ఫోటో వాళ్ల ముందు గదిలో ఉంటుంది. రదిసావ్ గారికి ఇద్దరూ ఆడపిల్లలే, పెళ్లిళ్లై వెళ్లిపోయారు. భార్య పోయింది. "ఈ వాకిట్లో ఆ పేరుకి పలికేవాడు ఒకడుండాలి కదా" అని కుక్కపిల్లను తెచ్చిన రోజు అన్నాడు. అప్పుడది నా చెప్పులో పట్టేది.

సెప్టెంబర్ 9, శనివారం

ఎదురింటి పెర్సిదా టీచర్ పిల్లి నెల రోజులుగా అల్మరా మీదే కాపురం ఉంటోంది. భోజనం నిచ్చెన ఎక్కి పెడుతోందట డెబ్భై ఏళ్ల టీచర్. పోస్ట్‌మ్యాన్ మూల మీంచే ఉత్తరాలు విసురుతున్నాడు. చేయి బాగా తిరిగింది. మాది తిన్నగా కిటికీలోంచి లోపల పడుతుంది.

ఇవాళ టీచర్ మా గుమ్మంలోకి వచ్చింది. "మీ కూమే కదా, మీరే చెప్పాలి."

అమ్మ: "మా కూమ్ కదా టీచర్, మేమెలా చెబుతాం?"

"మీరు కాకపోతే ఎవరు చెబుతారు?"

"వేరెవరైనా చెప్పొచ్చుగా."

"మీరుండగా మేము చెబితే మీకు మర్యాదగా ఉంటుందా?"

ఇద్దరూ ఒకరి మర్యాదకి ఒకరు తలలూపుకున్నారు. టీచర్ గిన్నెడు అయ్వార్ పచ్చడి తీసుకుని వెళ్లిపోయింది. నిచ్చెన ఎక్కడానికి.

సెప్టెంబర్ 12

నేను భయపడటం లేదు. రొట్టెల కొట్టుకి రైలు స్టేషన్ వైపు నుంచి చుట్టూ తిరిగి వెళ్లాను. నడక ఆరోగ్యానికి మంచిది.

సెప్టెంబర్ 15

మున్సిపాలిటీకి వెళ్లాను. తేదీలు, గాలి దిశ, కొలతలు, మొత్తం తొమ్మిది దాడులు, చేత్తో గీసిన మ్యాపు కూడా ఇచ్చాను. ఇన్‌స్పెక్టర్ ఎంత శ్రద్ధగా చదివాడంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నాలుగేళ్లు నీష్‌లో భూగోళశాస్త్రం చదివిన తరవాత నా మ్యాపు చూసి మెచ్చుకున్న మొదటి మనిషి.

"చాలా బాగుందమ్మా. స్కేలు కూడా వేశావు. ఫిర్యాదు ఎవరి మీద?"

చెప్పాను.

"స్టేషన్ మాస్టర్ రదిసావ్? మీకు కూమ్ కాదూ?"

అవునన్నాను.

కాగితాలన్నీ జాగ్రత్తగా చదును చేసి, అంచులు సరిచేసి, నా చేతిలో పెట్టాడు. "నువ్వు రానట్టు, నేను చూడనట్టు. మీ నాన్నకు చెప్పన్లే." గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు. నన్ను ఏదో గండం నుంచి కాపాడిన మొహం పెట్టి.

సెప్టెంబర్ 17, ఆదివారం

నాన్న మా వైపు కంచెను రెండు మీటర్ల ఎత్తుకి పెంచుతున్నాడు. వల కట్టి, కర్రలు పాతి. రదిసావ్ గారు అవతలి నుంచి తొంగి చూశారు.

"ఏమిటి కూమ్ ఇది?"

"చిక్కుడు తీగలు పాకించడానికి."

"సెప్టెంబర్‌లోనా?"

"వచ్చే ఏడాదికి. ముందుచూపు."

రదిసావ్ గారు మెచ్చుకుని, సాయం పట్టడానికి వచ్చారు. మధ్యాహ్నం మూడు గంటల దాకా తన కుక్క మా ఇంట్లోకి రాకుండా కట్టే కంచెకు తనే తీగలు బిగించారు. ఎడమ చేత్తో. కుడి మణికట్టుకి కట్టు ఉంది. ఏమైందంటే "మెట్లు" అన్నారు. వాళ్లింటికి మెట్లు లేవు.

అమ్మ ఆయనకు కేకు పెట్టింది. రెండు ముక్కలు. జూచా నానమ్మ మంచం కింద. నానమ్మ మంచం మీద. ఆవిడ పెరట్లోకి వచ్చి పదమూడు రోజులైంది. గులాబీలకు నీళ్లు పోయమని కిటికీలోంచి నాకు చెబుతోంది.

సెప్టెంబర్ 20

కిటికీలోంచి ఉత్తరం వచ్చి సూప్‌లో పడింది. ఆరబెట్టి చదివాను. క్రివా స్తేనా కొండ మీది వాతావరణ కేంద్రంలో పరిశీలకురాలి ఉద్యోగం. రోజుకి నాలుగుసార్లు గాలి, వాన, మంచు కొలిచి పంపాలి. ఉండటానికి ఇల్లు ఉంది. పొరుగు లేదు. ఈ జీతానికి ఈ కొండకి నేను తప్ప ఎవరూ అర్జీ పెట్టలేదని ఉత్తరంలోనే తెలుస్తోంది. అక్టోబర్ 9 లోపు జవాబివ్వాలి.

నాన్న: "భూగోళం అంతా చదివి, ఆ గోళంలో మనుషుల్లేని చోటు ఎంచుకున్నావా?"

అమ్మ: "ఒక్కదానివే! కొండ మీద! తలుపు కొడితే తెరవడానికి తోడు కూడా లేకుండా!"

తలుపు కొట్టేవాళ్లే లేరంటే ఇంకా ఏడ్చింది.

నేనింకా ఏమీ నిర్ణయించుకోలేదు. ఊరికే శీతాకాలం బూట్లు వేసుకుని చూశాను. బిగుతుగా ఉన్నాయి. రెండు జతల మేజోళ్లతో సరిపోవు. ఒక జతతో సరిపోతాయి.

సెప్టెంబర్ 22

పరిశోధన కోసం, కేవలం పరిశోధన కోసం, ఇవాళ గేటు కింది నుంచి మిలుతిన్‌కి సాసేజ్ ముక్క తోశాను. తిన్నాడు. మొరగలేదు. 19 డిగ్రీలు, గాలి లేదు.

సెప్టెంబర్ 23

సాసేజ్. "కూర్చో" అన్నాను. కూర్చోలేదు. సాసేజ్ చూపించి అన్నాను. కూర్చున్నాడు.

సెప్టెంబర్ 25

ఎడమ చెవి వెనక గోకితే కళ్లు మూసుకుంటాడు. దీన్ని సాక్ష్యంలో ఎక్కడ రాయాలో తెలియడం లేదు.

నానమ్మకి చెప్పలేదు.

సెప్టెంబర్ 27

అన్నయ్య రెల్యా, వదిన బిడ్డను తీసుకుని వచ్చారు. నెల నిండింది, ఇప్పటికీ పేరు లేదు. ఆసుపత్రి కాగితంలో "మగ బిడ్డ" అనే ఉంది. బాప్తిస్మం అక్టోబర్ 8న. ఆ రోజు చర్చిలో కూమ్ నోరు తెరిచే దాకా వాడు "బాబు." ముందుగా అడగకూడదు. అడిగితే కూమ్ మీద నమ్మకం లేనట్టు.

రిజిస్ట్రార్ గడువు దాటిందని ఇంటికి ఫోన్ చేశాడు. నాన్న, "కూమ్ ఇంకా చెప్పలేదండీ" అన్నాడు. "ఓ, అలా చెప్పండి మరి" అని రిజిస్ట్రారే క్షమాపణ అడిగి పెట్టేశాడు.

వదిన వంటింట్లో నా చెవిలో, "నాకు పావ్లే అని ఆశ. నువ్వు ఏదైనా మాటల్లో పెట్టి..." అంది.

"నేనా? కుక్క గురించే మాట్లాడనివ్వలేదు."

"కుక్క వేరు, బిడ్డ వేరు" అంది వదిన.

సెప్టెంబర్ 30, శనివారం



అమ్మ గడియారం బాగు చేయించడానికి బంగారం కొట్టుకి వెళ్లాను. అద్దం కింద చిన్న బంగారు సిలువ, గొలుసుతో. వెనక చెక్కిన పేరు చదివాను. మిలుతిన్.

"ఎవరిదిది?" అన్నాను.

"మీ కూమ్ రదిసావ్ గారిది. వచ్చే శనివారం తీసుకెళ్తారు."

కుక్క మెడకి బంగారు సిలువ! పదకొండు కుట్లు వేయించుకున్న జూచా మంచం కింద ముడుచుకుని ఉంటే, కరిచినవాడికి బంగారం! నేను నాస్తికురాలినో కాదో ఇంకా తేల్చుకోలేదు కానీ, ఇది మాత్రం దేవుడి దృష్టికి తీసుకెళ్లాల్సిన విషయం. పైగా గొలుసు చూస్తే ఆ మెడకి పావు వంతు కూడా రాదు. కొలత కూడా తీసుకోకుండా చేయించాడు.

నాన్నకు చెబితే నమ్మలేదు. "ఉద్యోగం లేక..." అన్నాడు.

అక్టోబర్ 2

అయ్యో.

అక్టోబర్ 2, మధ్యాహ్నం

గొలుసు చిన్నది. కుక్క మెడకి కాదు.

అక్టోబర్ 3

అందర్నీ కూర్చోబెట్టి చెప్పాను. బిడ్డకి పెట్టబోయే పేరు మిలుతిన్.

బయట రదిసావ్ గారి గొంతు: "మిలుతిన్! వదులు! మిలుతిన్, ఆ కోడిని వదులు!"

వదిన బిడ్డను గట్టిగా హత్తుకుంది.

నాన్న గొంతు సవరించుకున్నాడు. "రాజుల పేరది. మంచి పేరే."

"నాన్నా, వాడి పేరుతో పక్కింట్లో కుక్క ఉంది. బిడ్డ మనింటికొచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు కంచె అవతలి నుంచి, మిలుతిన్, అది నాకకు, అంటారు."

"కుక్కలు ఎన్నాళ్లు బతుకుతాయిలే" అన్నాడు అన్నయ్య. సొంత కొడుకు పేరు గురించి!

"మనం ఒక్క మాట చెబితే..."

"కూమ్ మాట వెనక్కి తీసుకోమని చెప్పడమా?" నాన్న లేచాడు. "ఆయన తన తాత పేరు ఇస్తున్నాడు. ఇంతకన్నా పెద్ద కానుక ఆయన దగ్గర లేదు. తెలుసా నీకు?"

తెలుసు. అదే కదా బాధ. ఆయన దాచుకున్నదాంట్లో అన్నిటికన్నా మంచిది తీసి ఇస్తున్నాడు, దాని మీద కుక్క పంటి గాట్లున్నాయని ఆయనకు కనిపించడం లేదు.

నానమ్మ గదిలోంచే అరిచింది, "వేడుకో!"

"ఏమిటీ?"

"దేవుణ్ణీ, కూమ్ బంధాన్ని కాసే పునీత యోవాన్‌నీ ముందు పెట్టి వేడుకో. అలా అడిగితే కూమ్ కాదనలేడు. మా అమ్మ ఒకసారి అడిగింది."

"ఏం అడిగింది?"

"పొలం గట్టు. ఇచ్చారు. కానీ జన్మకి ఒక్కసారే. రెండోసారి అడిగేవాడు బిచ్చగాడు."

నాన్న మొహం పాలిపోయింది. "అమ్మా! అది చావుబతుకులప్పుడు వాడే మాట. కుక్కలకీ పేర్లకీ వాడితే ఊళ్లో తలెత్తుకోగలమా?"

అక్టోబర్ 5

ఒక్క వేడుకోలు. అడగాల్సినవి రెండు.

కుక్కని కట్టెయ్యమని అడిగితే: జూచా బతుకుతుంది, నానమ్మ పెరట్లోకి వస్తుంది. నా మేనల్లుడు చచ్చే దాకా మిలుతిన్.

పేరు మార్చమని అడిగితే: మేనల్లుడు పావ్లే. నానమ్మ మంచం మీద.

బళ్లో ఇలాంటి లెక్కలకి వెనక పేజీలో జవాబులుండేవి. మిలుతిన్‌ని అడిగాను, గేటు దగ్గర. సాసేజ్ తిని, నా బూటు మీద తల పెట్టి పడుకున్నాడు. 12 డిగ్రీలు. ఉత్తరపు గాలి మొదలైంది. క్రివా స్తేనాలో ఈపాటికి రాత్రిళ్లు మంచు గడ్డ కడుతూ ఉంటుంది.

ఊరికే అనుకున్నాను.

అక్టోబర్ 6, శుక్రవారం

క్రమంగా రాస్తాను.

పదిన్నరకి నానమ్మ పెరట్లోకి వచ్చింది. ముప్పై రెండు రోజుల తరవాత. బాప్తిస్మానికి గులాబీలు తనే కొయ్యాలని. చంకలో జూచా. "వెలుతురు తగలాలి దానికి" అని ప్లమ్ చెట్టు కింద దింపింది.

చిక్కుడు కంచె కింద మట్టి కదలడం చూశాను. తవ్వుతున్నాడు. నేను అరిచేలోపే తల బయటికొచ్చింది, భుజాలొచ్చాయి, అరవై కిలోలూ వచ్చాయి. జూచా అరవలేదు. నేల మీద పడుకుని చెవులు వెనక్కి పెట్టింది, అంతే. నానమ్మ గులాబీ కత్తెర పట్టుకుని దాని ముందు నిలబడింది. ఎనభై ఒక్క ఏళ్ల మనిషి, ఒక కత్తెర.

నేను మధ్యలోకి వెళ్లాను. "కూర్చో" అన్నాను.

కూర్చున్నాడు.

తోక ఊపుతూ నా కోటు జేబు వాసన చూశాడు. సాసేజ్ ఉన్న జేబు.

నానమ్మ మిలుతిన్‌ని చూసింది, నా జేబుని చూసింది, నన్ను చూసింది. "ఎన్నాళ్లుగా?" అంది.

"పరిశోధన..."

"ఎన్నాళ్లుగా, అన్నాను."

"రెండు వారాలు."

జూచాను ఎత్తుకుని లోపలికెళ్లిపోయింది. తలుపు వేసుకుంది. మధ్యాహ్నం సూప్ తీసుకెళ్తే తలుపు తియ్యలేదు. జూచాతో కూడా మాట్లాడుతున్నట్టు లేదు. తలుపుకి చెవి పెట్టి విన్నాను.

అక్టోబర్ 7

ఇవాళ రదిసావ్ గారి దగ్గరికి వెళ్లి ముందే అంతా చెప్పేద్దామనుకున్నాను. గేటు దాకా వెళ్లాను. ఆయన బట్టతలకి నూనె రాసుకుని, బాప్తిస్మం కోటు ఎండలో ఆరేసి, దుమ్ము దులుపుతూ తనలో తనే పాడుకుంటున్నాడు.

వెనక్కొచ్చేశాను. భయం కాదు. ఆయన పనిలో ఉన్నాడు.

అక్టోబర్ 8, ఆదివారం

చర్చి నిండా కొవ్వొత్తుల వేడి. పెద్ద తలుపు తెరిచే పెట్టారు. రదిసావ్ గారు బిడ్డను ఎడమ చేతి మీద ఎత్తుకున్నారు, కుడి చెయ్యి కోటు జేబులో. ఫాదర్ పేరడిగారు.

"మిలుతిన్" అన్నారాయన. అనగానే ఆయన గడ్డం వణికింది. అక్కడున్న అందరిలో ఆయన ఒక్కడే ఏడుస్తున్నాడు. వదిన కూడా ఏడుస్తోంది కానీ అది వేరే.

ఫాదర్‌ది మంచి కంఠం. బిడ్డను తొట్టిలో మొదటిసారి ముంచి, "దైవసేవకుడు మిలుతిన్ తండ్రి నామమున బాప్తిస్మము పొందుచున్నాడు, ఆమెన్!" అన్నారు. బయట ఎక్కడో ఒక మొరుగు.

"కుమారుని నామమున, ఆమెన్!"

రాతి నేల మీద గోళ్ల చప్పుడు. నేను వెనక్కి తిరగలేదు. తిరగక్కర్లేదు. ఆ నడక నాకు తెలుసు.

పరిశుద్ధాత్మ దగ్గరికొచ్చేసరికి మిలుతిన్ తొట్టి పక్కన కూర్చుని ఉన్నాడు. బుద్ధిగా. పేరు పెట్టి పిలిచారు, వచ్చాడు. బిడ్డ ఒంటి మీంచి నీళ్లు వాడి తల మీద పడుతున్నాయి. పెర్సిదా టీచర్ వరస చివరి కుర్చీ మీదికెక్కింది. ఫాదర్ బిడ్డను రెండు చేతులతో గాల్లో పట్టుకుని, కదలకుండా, పెదవులు మాత్రం కదుపుతూ, "ఇది ఎవరిది?" అన్నారు.

ఎవరూ మాట్లాడలేదు. చర్చిలో కూడా! దేవుడి ఇంట్లో, కుక్క తొట్టి పక్కన కూర్చుని ఉంటే, కూమ్‌కి చిన్నతనంగా ఉంటుందని నలభై మంది కుక్క లేనట్టు నిలబడ్డారు. నాన్న అయితే పైకప్పు మీది బొమ్మలు చూస్తున్నాడు.

నానమ్మ మాత్రం అంది, "దాన్నీ ఒకసారి ముంచండి ఫాదర్. నోరు శుద్ధవుతుంది."

శుక్రవారం తరవాత ఆవిడ మాట్లాడిన మొదటి మాట.

నేను వెళ్లి జేబు చూపించాను. మిలుతిన్ లేచి నా వెంట బయటికొచ్చాడు. చర్చి మెట్ల మీద కూర్చున్నాం ఇద్దరం. వాడు తడి తల నా కొత్త గౌను మీద పెట్టాడు. వాన రాదు ఇవాళ, మబ్బులు పైన ఉన్నాయి, అనుకుంటూ కూర్చున్నాను. అక్కడ కూర్చునే తెలిసింది, లెక్కకి జవాబు.

అందరూ బయటికొచ్చారు. రదిసావ్ గారు ముందు. మొహం ఎర్రగా కందిపోయి ఉంది. నేను లేచి నిలబడి, అందరూ వినేలా అన్నాను:

"కూమ్! దేవుణ్ణీ, పునీత యోవాన్‌నీ మీ ముందు పెట్టి వేడుకుంటున్నాను."

అమ్మ "అయ్యో, అయ్యో" అని రెండుసార్లు అంది. నాన్న అన్నయ్య భుజం పట్టుకున్నాడు. రదిసావ్ గారు టోపీ తీసేశారు.

"అడుగు, నెవెనా."

"ఈ కుక్కని నాకివ్వండి. నాది అవుతుంది. పేరు మారుస్తాను. ఈ ఊళ్లో మిలుతిన్ ఒక్కడే ఉంటాడు. మీరెత్తుకున్నవాడు."

ఆయన నన్ను చూశాడు, కుక్కని చూశాడు. "ఇంతేనా?" అన్నాడు.

"ఇంతే."

"పిచ్చిదానా! దీనికి దేవుణ్ణీ యోవాన్‌నీ లాక్కొస్తావా? ఊరికే అడిగితే ఇవ్వనా?" ఆయన మెట్ల మీద కూలబడ్డాడు, జేబులోంచి కట్టు కట్టిన చెయ్యి తీసి చూపించాడు. "మార్చి నుంచి వీణ్ణి పట్టుకోవడం నా వల్ల కావట్లేదు. రెండుసార్లు ఈడ్చి పారేశాడు. ఎవరికి చెప్పను? నలభై ఏళ్లు జెండా ఊపి రైళ్లాపినవాణ్ణి, కుక్కని ఆపలేకపోతున్నానని చెప్పనా? ఎవడైనా ఒకడొచ్చి నన్ను తిడితే, సరే మీ మాట కాదనలేను అని వీణ్ణి కొండ మీద గొర్రెల కాపరులకి పంపించేద్దామని కూర్చున్నా. ఒక్కడూ తిట్టడే!" నాన్న వైపు తిరిగాడు. "నువ్వు సారా పట్టుకొచ్చావు. మీ ఆవిడ కేకు. కంచె కడుతున్నావని వస్తే చిక్కుడు తీగలన్నావు! నీ కుక్కకి కుట్లు పడ్డాయని నాకు పోస్ట్‌మ్యాన్ చెప్పాల్సి వచ్చింది, కూమ్!"

నాన్న, "నొచ్చుకుంటావేమోనని..." అన్నాడు.

"నొచ్చుకోవాలనే కదయ్యా నా ఏడుపు!"

వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకుని, ఒకేసారి నవ్వడం మొదలుపెట్టారు. అన్ని కుట్ల తరవాత, అన్ని నిచ్చెనల తరవాత. నాకు నవ్వు రాలేదు. నానమ్మకీ రాలేదు. ఆవిడ వచ్చి నా పక్కన నిలబడింది.

"మన కంచెకి ఇవతల ఉండకూడదు ఇది" అంది.

"ఉండదు" అన్నాను.

"అవతలా వద్దు."

"అవతలా ఉండదు నానమ్మా."

ఆవిడ నా మొహం చూసింది. కొండ సంగతి అర్థమైంది. ఈ ఇంట్లో నన్ను ఉద్యోగం లేదు అన్న మాట లేకుండా చదివింది ఆవిడొక్కతే. "మేజోళ్లు అల్లిపెడతాను" అంది.

భోజనాల దగ్గర రదిసావ్ గారు, "మరి కొత్త పేరు? పేరు కూమ్ కదా పెట్టాలి" అని మొదలుపెట్టబోయారు. వదిన గరిటె చేతిలో పట్టుకుని ఆయన వైపు తిరిగింది. ఆయన సర్మా ఆకు చుట్ట ఒకటి మొత్తం నోట్లో పెట్టుకున్నాడు.

అవతలి గదిలో అమ్మ చుట్టాలకి చెప్పడం వినిపించింది: "ఏం చెయ్యమంటారు, దానికి కుక్కలంటే మొదట్నించీ పిచ్చి."

అక్టోబర్ 9, సోమవారం

నానమ్మ పొద్దున పెరట్లో కుర్చీ వేసుకుంది. జూచా ఆవిడ కాళ్ల దగ్గర. కంచె అవతల గేటుకి గొలుసుతో కట్టిన కుక్క రెండుసార్లు లేచి, నేను చూస్తే కూర్చున్నాడు. గొలుసు నేను కట్టిందే. కొత్త పేరు ఇంకా దొరకలేదు. ప్రస్తుతానికి "ఏయ్" అంటే పలుకుతున్నాడు.

పది గంటలకి తపాలా ఆఫీసుకి వెళ్లి క్రివా స్తేనాకి తంతి ఇచ్చాను. వస్తున్నానని. వీధి మీంచే వెళ్లాను, స్టేషన్ చుట్టూ కాదు.

నాన్న, "కూమ్‌ని వేడుకున్న మాట అలా ఖర్చు చేసేశావు, రేపు నిజంగా అవసరం వస్తే?" అన్నాడు. అమ్మ, "కనీసం నవంబర్‌లో మన ఇంటి పునీతుడి పండగ దాకా ఆగు, జనం ఏమనుకుంటారు" అంది. అన్నయ్య, "ఇప్పుడు కుక్క సమస్య తీరిపోయిందిగా, ఇంకెందుకు వెళ్లడం?" అన్నాడు. అందరికీ విన్నాను.

బస్సు డ్రైవర్ అరవై కిలోల కుక్కని ఎక్కించుకోనన్నాడు. కలప లారీ అతను ఒప్పుకున్నాడు.

రేపు ఏడింటికి వెళ్తున్నాను. కుక్కని తీసుకెళ్తున్నాను. పండక్కి రాను.